ఓక్యామెల్‌లో అంకెల లిస్టులు: నా అనుభవం

ఓక్యామెల్ (OCaml) అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒకే పనిని పదేపదే చేయించే ఫర్ లూప్ ఉంది. అయినా దాని జోలికి పోకుండా, లిస్టుల పనంతా రికర్షన్‌తోనే, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతిలోనే చేయాలని పట్టుపట్టాను.

అక్కడ లిస్టు అంటే రెండే రూపాలు. ఖాళీగా ఉంటుంది, లేదా ముందొక అంకె, దాని వెనక మరో లిస్టు ఉంటాయి. ఫంక్షనూ అలాగే రెండు ముక్కలుగా వస్తుంది. మొత్తం కావాలా? ఖాళీ అయితే 0, కాకపోతే మొదటి అంకెకు మిగతావాటి మొత్తం కలపాలి. 4, 7, 2 ఇచ్చి కాగితం మీద విప్పి చూశాను. 4 ఆగుతుంది, 7 ఆగుతుంది, 2 కూడా ఆగుతుంది. ఖాళీ దగ్గర 0 వచ్చాక వెనక్కి వస్తూ 2, 9, 13.

నా ఆలోచనంతా ఆ 0 మీదే పడింది. గుణకారానికి 0 పెడితే ఏ లిస్టుకైనా సున్నాయే వస్తుంది, కాబట్టి 1 పెట్టాలి. మరి గరిష్ఠానికి? 0 పెడితే -5, -3 ఉన్న లిస్టుకు 0 అని జవాబొస్తుంది. ఆ అంకె లిస్టులోనే లేదు! ఖాళీ కేసు రాయకుండా వదిలేస్తే కంపైలర్ (కోడ్‌ను తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఏమంటుందో చూద్దామని కంపైల్ చేశాను. ఒక కేసు మిగిలిపోయిందని హెచ్చరించి, ఉదాహరణగా ఖాళీ లిస్టునే చూపించింది. ఈ ఒక్క గుణానికే ఆ కంపైలర్ అంటే నాకు అభిమానం. చివరికి ఆప్షన్ టైప్ తీసుకున్నాను: జవాబుంటే Some, లేకపోతే None.

లిస్టు పొడవైతే ఆగి ఉన్న కూడికలన్నీ స్టాక్‌ (సగంలో ఆగిన పనులను గుర్తుంచుకునే మెమరీ) మీద పేరుకుంటాయి. అందుకని ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని ఇంకో ఆర్గ్యుమెంట్‌గా ముందుకు పంపాను: 0, 4, 11, 13. ఇది టెయిల్ కాల్, అంటే ఫంక్షన్ చేసే ఆఖరి పనే ఆ పిలుపు, కాబట్టి వెనక్కి తిరిగొచ్చి చేయాల్సిన పనేమీ ఉండదు, స్టాక్ పెరగదు.

ఇదే పద్ధతిలో ప్రతి అంకె వర్గంతో (4కు 16 లాగా) కొత్త లిస్టు కడితే అంకెలు తలకిందులుగా వస్తాయి, ఎందుకంటే కొత్తది ఎప్పుడూ ముందే చేరుతుంది. పోనీ ప్రతిసారీ చివర అతికిద్దామంటే అప్పటిదాకా కట్టిన లిస్టంతా మళ్లీ కాపీ కావాలి. వెయ్యి అంకెలకు అలా 4,99,500 కాపీలు. ముందు చేర్చుకుంటూ పోయి, ఆఖర్న ఒక్కసారి లిస్టును తిరగేస్తే అదనంగా పడేది వెయ్యి అడుగులే. నేను అదే ఉంచాను.