బంతి అడిగితే ఇచ్చేవాడే

తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళందరికీ తెలిసిన తంతే ఇది. ఇద్దరు కొట్టుకుంటారు, స్టాఫ్ రూమ్‌కి పిలిపిస్తాం, నాలుగు చీవాట్లు పెడతాం, ఇంకెప్పుడూ ఇలా చెయ్యమని కాగితం మీద రాయించుకుని, "కోపం తగ్గించుకోరా" అని పంపించేస్తాం. ఎలా తగ్గించుకోవాలో మాత్రం ఒక్కరం కూడా చెప్పం. అందుకే షికాగోలో నడిచే ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమం గురించి చదివిన దగ్గర్నుంచీ నా ఆలోచనలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

యూత్ గైడెన్స్ అనే సంస్థలో పనిచేసిన ఆంథొనీ రామిరెజ్ డి విట్టోరియో 2000ల మొదట్లో దీన్ని అక్కడి బడుల్లో మొదలుపెట్టాడు. పేదరికం, గొడవలు, తుపాకులు రోజూ కళ్ళబడే పేటల పిల్లలు వాళ్ళు. వారానికో గంట, అదీ బడి వేళల్లోనే. పదిహేను మందికి మించని గుంపు, ఒక కౌన్సెలర్, అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ముందు ఒక్కొక్కరూ ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో, మనసులో ఏముందో చెప్పాలి. ఆ గంట క్లాసు తప్పుతుందని వచ్చేవాళ్ళూ ఉంటారు, ఉండనివ్వండి, వచ్చి కూర్చోవడమే ముఖ్యం.

మొదట్లోనే ఒక ఆట ఆడిస్తారు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఒకడి చేతికి బంతి ఇస్తారు, రెండోవాడు 30 సెకన్లలో ఆ గుప్పిట్లోంచి బంతి తీసుకోవాలి. ఇంకేముంది, వేళ్ళు విరిచేయడం, చెయ్యి మెలిపెట్టడం, కింద పడి దొర్లడం. టైమ్ అయిపోయాక కౌన్సెలర్ అడుగుతాడు, బంతి ఇమ్మని ఒక్కరైనా ఎందుకు అడగలేదని. అడిగితే ఇస్తాడా, పిరికివాణ్ణి అనుకుంటాడు అని జవాబు. అప్పుడు బంతి పట్టుకున్నవాడి వైపు తిరిగి, వీడు మర్యాదగా అడిగుంటే ఏం చేసేవాడివి అంటాడు. "ఇచ్చేసేవాణ్ణేమో, ఉత్త బంతే కదా" అంటాడు వాడు. ఎవరూ కోప్పడకుండా, ఎవరూ నీతులు చెప్పకుండా, ఎదుటివాడి మనసులో ఏముందో మనం ఊహించుకున్నది తప్పయ్యుండొచ్చు అని ఆ పిల్లాడికి అక్కడికక్కడే తెలిసొస్తుంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. ఎప్పుడూ గొడవ పడొద్దు అని వాళ్ళు చెప్పరు. ఆ పేటల్లో ఒకసారి మెత్తగా కనబడితే మర్నాడు ఇంకొకడు మీద పడతాడు, అది పిల్లలకు మనకంటే బాగా తెలుసు. చిక్కల్లా వీధిలో పనికొచ్చే ఆ తెగింపే, క్లాసులో టీచర్ "కూర్చో" అన్నప్పుడు కూడా ఆలోచన లేకుండా బయటికి వచ్చేయడం. అందుకని ఒక్క క్షణం ఆగి, ఇది ఏ సందర్భం, ఇక్కడ ఏం చేస్తే మేలు అని చూసుకోవడం సాధన చేయిస్తారు. అక్కడి బాల నేరస్థుల నిర్బంధ కేంద్రంలో పనిచేసే ఒకాయన అన్నాడట, ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి తమ జీవితంలో ఓ పది నిమిషాలు వెనక్కి ఇవ్వగలిగితే అసలు ఇక్కడే ఉండరని.

షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2009-10లో 18 బడుల్లో 2,740 మంది పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఈ కార్యక్రమంలో చేర్చి, మిగతావాళ్ళతో పోల్చి చూశారు, తర్వాత 2013-15లో ఇంకోసారి చూశారు. కార్యక్రమంలో పాల్గొన్న పిల్లల్లో, అది నడిచినన్నాళ్ళూ, హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. అలాంటి తరగతులే నిర్బంధ కేంద్రంలో పెడితే, విడుదలయ్యాక మళ్ళీ అక్కడికి వచ్చేవాళ్ళు 21 శాతం తగ్గారు. అయితే బడుల్లో కార్యక్రమం ఆగిపోయాక అరెస్టుల్లో ఆ తేడా నిలవలేదు. దీన్ని వదిలేసి మొదటి అంకె ఒక్కటే చెప్పుకోవడం పిల్లలకు అన్యాయం. ఏడాదికోసారి వక్తను పిలిచి, గ్రౌండ్‌లో ఐదొందల మందిని ఎండలో కూర్చోబెట్టి, మైకులో గంటసేపు చెప్పించే మన అవగాహన సదస్సులతో ఏమీ కాదని నేను అనేది అందుకే.

గుంపు అంటే ఇంకో ప్రమాదమూ ఉంది. దుడుకు పిల్లల్ని ఒకచోట చేర్చితే ఒకడు తన గొడవ గొప్పగా చెబుతాడు, మిగతావాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వే వాడికి బహుమతి. కొన్ని గుంపుల్లో పిల్లలు ఇంకా చెడ్డారని అమెరికాలోనే 1999లో డిషన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు రాశారు. కాబట్టి ముందు చూడాల్సింది ఆ గుండ్రంలో కూర్చునే పెద్దమనిషి ఎలాంటివాడన్నది. ఆ నవ్వును పట్టుకోగలగాలి, పట్టుకుని వాణ్ణి అవమానించకుండా మాట మళ్ళించగలగాలి.

మన ప్రభుత్వ బడుల్లో చాలావాటిలో కౌన్సెలర్ అనే మనిషే లేడు. ఉన్న టీచర్లలోనే పిల్లలు భయపడకుండా మాట్లాడగలిగే ఒకరికి శిక్షణ ఇచ్చి, వారానికో పీరియడ్ వదిలేస్తే మొదలుపెట్టొచ్చు. ఆ పీరియడ్‌ని లెక్కల టీచరో సైన్సు టీచరో సిలబస్ కోసం లాక్కోకుండా హెడ్మాస్టర్ కాపాడాలి, అదే కష్టం. మీ బడిలో గానీ హాస్టల్లో గానీ ఇలా వారం వారం పిల్లలతో కూర్చునేవాళ్ళుంటే, పిల్లలు తమ గొడవల గురించి గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టినప్పుడు మీరేం చేస్తారో కింద రాయండి.