పాల లెక్క పక్కన కాఫీ లెక్క

మా వంటింటి గోడకు పెద్ద అంకెల క్యాలెండరు ఉంటుంది. పాలు రాని రోజు ఆ గడిలో సున్నా చుడతాను, అర లీటరు అదనంగా తీసుకున్న రోజు అడ్డగీత పెడతాను. నెలాఖరున లెక్క తేల్చుకోవడానికి అంతకు మించి అక్కర్లేదు. అందుకే పోయిన జనవరిలో ఇంట్లోనే కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టినప్పుడు ఆ గడుల్లోనే రాశాను: “150 గ్రా., 14 ని., బాగుంది.”

మూడు వారాలకు అయిదు వాయిలయ్యాయి. రెండింటి పక్కన “బాగుంది” అని, ఒకదాని పక్కన “చేదు” అని, మరోదాని పక్కన “పర్వాలేదు” అని ఉంది. అయిదోదాని మీద పాల సున్నా పడి అక్షరాలు కనబడలేదు. బాగున్న రెండింటిలో ఒకటి 14 నిమిషాలు, ఇంకొకటి 11. చేదుగా వచ్చినదీ 14 నిమిషాలే. ఆ లెక్కతో పాలవాడికి డబ్బు ఇవ్వవచ్చు గాని, ఆరో వాయి ఎలా వేయించాలో తెలియదు.

అప్పుడు పాత డైరీ ఒకటి తీశాను. మొదటి పేజీలో గింజల సంచి మీది కాగితం కత్తిరించి అంటించాను. విశాఖలో ఉన్నందుకు అరకు గింజలు దొరకడం కష్టం కాదు. నేను తెచ్చినవి రెండు కిలోల “ప్లాంటేషన్ ఎ”. పండు తొక్క ఒలిచి, కడిగి ఆరబెట్టిన అరబికా రకం కాఫీని మన దేశంలో ప్లాంటేషన్ అంటారు. పండును తొక్కతోనే ఎండబెడితే అది చెర్రీ. కొన్న రోజున ఈ తేడా నాకు తెలియదు. అయినా కాగితం అంటించి ఉంచాను కాబట్టి, తెలిసిన రోజున వెనక్కి వెళ్లి చూసుకోగలిగాను.

సరంజామా అంతా ఇంట్లోదే. ఇనుప మూకుడు, పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె, వేగిన గింజల్ని అటూ ఇటూ పోసి చల్లార్చడానికి రెండు జల్లెడలు. చల్లార్చేటప్పుడు పొట్టు ఎగురుతుంది. మొదటిసారి బాల్కనీలో టేబుల్ ఫ్యాను పెట్టి చల్లారిస్తే ఆ పొట్టంతా కింది ఇంటివాళ్లు ఆరేసుకున్న పంచెల మీద వాలింది. ఇది కూడా డైరీలో ఉంది, “బట్టలు చూడాలి” అని.

డైరీ పెట్టాక నేను నేర్చుకున్న మొదటి సంగతి, మొత్తం నిమిషాలు రాసి లాభం లేదని. పచ్చి గింజ ముందు పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండుగడ్డి వాసన పోయి రొట్టె కాల్చిన వాసన వస్తుంది. ఆ తర్వాత లోపలి ఆవిరి, వాయువు తన్నుకొచ్చి గింజ టప్పున పగులుతుంది. అచ్చం పేలాలు వేయించినట్టే ఉంటుంది. కాసేపు సద్దుమణిగాక రెండో చప్పుడు మొదలవుతుంది. అది సన్నగా, వడివడిగా, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. ఆరో వాయిలో మొదటి చప్పుడు తొమ్మిదో నిమిషంలో వచ్చింది, పదమూడో నిమిషంలో దించాను. ఏడో వాయీ పదమూడు నిమిషాలే, కాని చప్పుడు పదకొండున్నరకు గాని రాలేదు. ఒకదానికి చప్పుడు తర్వాత నాలుగు నిమిషాల మంట, ఇంకొకదానికి ఒకటిన్నర. మొదటిది నల్లగా, చేదుగా, రెండోది పుల్లగా, పచ్చి శనగల రుచితో వచ్చాయి. క్యాలెండరు గడిలో అయితే రెండూ ఒకటే, “13 ని.”

మా అత్తయ్యగారికి ఈ రాతకోతలన్నీ వినోదం. రాజమండ్రిలో కాపురం ఉన్నప్పుడు ఆవిడ ఏళ్ల తరబడి ఇంట్లోనే వేయించి, చేతి మిషనులో పొడి చేసుకునేవారు.

“మేము ఒక్క ముక్క రాయలేదమ్మా,” అన్నారు.

“మరి గింజలు ఎన్ని పోసేవారు అత్తయ్యా?”

“కంచు గ్లాసుతో రెండు.”

“ఎంతసేపు?”

“మీ మామయ్యగారు స్నానానికి వెళ్లి వచ్చేదాకా.”

ఆ గ్లాసు ఇప్పుడు బెంగళూరులో మా ఆడపడుచు ఇంట్లో ఉంది. మామయ్యగారు పోయి పన్నెండేళ్లయింది. నేను మాత్రం ఒక గ్రాము తేడా కూడా చూపించే చిన్న కాటా కొనుక్కున్నాను.

ఆ కాటా పెట్టిన ఖర్చుకు న్యాయం చేసింది. వేయించక ముందు, చల్లారాక, రెండుసార్లు తూస్తాను. పుల్లగా వచ్చిన ఏడో వాయిలో 150 గ్రాములు 131 అయ్యాయి, అంటే నూటికి పదమూడు పాళ్లకు కాస్త తక్కువే పోయింది. చేదుగా వచ్చిన ఆరోది 121కి దిగింది, అంటే పంతొమ్మిది పాళ్లు దాటింది. ఇంట్లో అందరూ రెండో కప్పు అడిగిన ఎనిమిదో వాయి 127. ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనబడే రంగు కంటే ఈ అంకెనే నమ్ముతాను. రంగు గురించి “దాల్చినచెక్క రంగు” అని రాసుకున్న పేజీ ఉంది. ఏ దాల్చినచెక్క? మా డబ్బాలోనే మూడు రంగులవి ఉన్నాయి.

రంగుకు వేరే ఉపాయం చేశాను. ప్రతి వాయి నుంచి పది గింజలు చిన్న కాగితపు పొట్లంలో కట్టి ఆ పేజీకే పిన్ను కొడుతున్నాను. ఆరో వాయి పొట్లం నాలుగు రోజులకే నూనె ఊరి, అవతలి పేజీ మీద కూడా గుండ్రటి మరక వేసింది. ఎనిమిదో పేజీ ఇప్పటికీ పొడిగానే ఉంది.

ఇక తొమ్మిదో వాయి. ఇంతవరకు మా ఇంట్లో అంత మంచి కాఫీ రాలేదు. పాలు కలపకుండా తాగినా నాలుక మీద బెల్లం చాయ మిగిలింది. డైరీలో అన్నీ పద్ధతిగా రాసి ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు నేను గింజలు 150 నుంచి 100కు తగ్గించాను, మంట పెంచాను, మిగిలిన గింజల్లోంచి గుండ్రటి పీబెర్రీలను, అంటే పండులో రెండుకు బదులు ఒక్కటే పెరిగిన గింజల్ని, ఏరి అవే వేయించాను. మూడూ ఒక్కసారే మార్చాను. దేనివల్ల బాగుందో డైరీ ఎలా చెబుతుంది? తర్వాత రెండు వాయిలు దీనికే పోయాయి. మంట ఒక్కటే పెంచి చూస్తే గింజల కొసలు మాడాయి. పీబెర్రీలే 150 వేద్దామంటే ఏరడానికి అన్ని మిగల్లేదు. మామూలు గింజలు 100 గ్రాములు, పాత మంట మీద వేయిస్తే దాదాపు ఆ రుచే వచ్చింది. మా మూకుడులో 150 గ్రాములు పోస్తే అడుగువి పైకి రావడానికి సమయం పడుతోందన్నమాట. ఇప్పుడు ప్రతి పేజీ పైన “ఈసారి మార్చింది:” అని ఒక వరుస ఉంటుంది. అందులో ఒక్క మాటకే చోటు వదిలాను.

పదమూడో వాయి విషయంలో ఇంకో మాట. చప్పుడు పదిహేను నిమిషాలు దాటినా రాలేదు. గింజలు పాడైపోయాయని మా ఆయనతో వాదన కూడా అయింది. మర్నాడు ఉదయం ఇడ్లీ కుక్కరు కింద మంట ఆరిపోయింది. సిలిండరు అయిపోయింది! ఆ పేజీ అంచున ఎర్ర ఇంకుతో “గ్యాసు” అని ఉంది. సిలిండరు మార్చిన తేదీ కూడా అప్పటి నుంచి రాస్తున్నాను.

రాయడం మానేసినవీ ఉన్నాయి. మొదటి చప్పుడు గింజ వేడి 196 డిగ్రీల దగ్గర వస్తుందని చదివి, ఎర్ర చుక్క పడే థర్మామీటరు కొన్నాను. అది ఒకచోట 205, గరిటె కదిలించగానే పక్కన 240 చూపించేది. మూకుడు వేడిని చెబుతోందో, గింజ వేడిని చెబుతోందో దానికే తెలియాలి. ఆ గడి కొట్టేశాను. ఇప్పుడది పెనం కాలిందో లేదో చూడటానికి పనికొస్తోంది.

రుచి గడిని మాత్రం మొదట్లో తొందరపడి నింపేదాన్ని. ఎనిమిదో వాయిని వేయించిన రెండు గంటలకే తాగి “పొగ, పస లేదు” అని రాశాను. వేగిన గింజలో చిక్కుకున్న వాయువు బయటికి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. నాలుగో రోజున అదే పొడి, అదే కొలత, 20 గ్రాములకు 120 మిల్లీలీటర్ల నీళ్లు, అయినా వేరే కాఫీలా ఉంది. పాత మాట కొట్టివేయకుండా కిందే రెండోది తేదీతో రాశాను.

నిన్న సోమవారం వాయి: 100 గ్రా., చప్పుడు 9 ని. 40 సె., దించింది 12 ని. 10 సె., చల్లారాక 85. ఈసారి మార్చింది: మూకుడు ముందే రెండు నిమిషాలు కాల్చాను. రుచి: శుక్రవారం.