మైన్ చేతికి పలక వచ్చినప్పుడు

మా తమ్ముడు ఇసెకై అనిమే, అంటే మనిషి వేరే లోకంలోకి వెళ్ళిపోయే జపాన్ కార్టూన్ సిరీస్, ఒక్కటి కూడా వదలడు, వాటికి మూలమైన లైట్ నావెల్ (జపాన్ వాళ్ళ తేలికపాటి నవల) మాత్రం ముట్టుకోడు. "చూసేసాక మళ్ళీ చదవడం దేనికన్నా, కథ అదేగా" అంటాడు. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు దీని మీద రాత్రి రెండింటి దాకా వాదించుకున్నాం, అప్పుడు వాడికి సరిగ్గా చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నా.

మన సినిమాల్లో పునర్జన్మ అంటే పోయిన జన్మ బాకీ తీర్చుకోడం, పగో ప్రేమో ఏదో ఒకటి మిగిలిపోయి ఉంటుంది. జపాన్ వాళ్ళ ఈ తెన్సేయ్ (అంటే పునర్జన్మే) కథల్లో లోకమే మారిపోతుంది, వెంట వచ్చేది జ్ఞాపకం ఒక్కటే. పసిపిల్ల ఒంట్లో పెద్దవాళ్ళ బుర్ర. బయటికి అనే మాట ఒకటి, లోపల నడిచే మాట ఇంకోటి, ఆ లోపలి గొంతు మనకి ఎంత వినిపిస్తుంది అన్నదాని మీదే నాకు కథ నిలబడేదీ పడిపోయేదీ.

'అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వర్మ్' తీసుకోండి. మియా కజుకి 2013లో ఎవరైనా తమ కథలు పెట్టుకోగలిగే 'షోసెత్సుకా ని నారో' అనే సైట్‌లో రాయడం మొదలుపెట్టింది, 2015 నుంచి లైట్ నావెల్‌గా వచ్చి 33 వాల్యూములయ్యింది, అనిమే 2019లో మొదలైంది. పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఉరానో భూకంపంలో ఆ పుస్తకాల కిందే పడి చనిపోయి, ఒక సిపాయి ఇంట్లో ఐదేళ్ళ మైన్‌గా కళ్ళు తెరుస్తుంది. ఇల్లంతా వెతుకుతుంది, పుస్తకం కాదు కదా ఒక్క అక్షరం కూడా ఉండదు. పుస్తకం పెద్దింటి వాళ్ళ సొమ్ము, వీళ్ళు కలలో కూడా కొనలేరు. అలాంటి పిల్లకి ఊరి గేటు దగ్గర నాన్నతో పనిచేసే ఓట్టో ఒక పలక ఇస్తాడు. పలకా బలపంతో చదువు మొదలుపెట్టిన మనకి ఆ సంబరం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కాగితం లేదు కాబట్టి గడ్డి పీచుతో అల్లి చూస్తుంది, మట్టి పలకలు చేసి కాలిస్తే పగిలిపోతాయి, చివరికి చెక్క ముక్కలు చెక్కి వాటి మీద రాద్దామనుకుంటుంది, మన తాటాకుల్లాగే అన్నమాట. వాళ్ళమ్మ వాటిని పొయ్యిలో పెట్టేస్తుంది. కోపంతో కాదు, ఆవిడకి అవి వంటచెరుకు, అంతే. అనిమేలో కూడా ఈ సీన్ బాగానే తీసారు, కానీ నాలుగు ఎపిసోడ్లలో అన్నీ చకచకా అయిపోతాయి. పుస్తకంలో మైనే మనతో మాట్లాడుతుంటుంది కదా, అడివి దాకా నడవడానికి కూడా ఓపిక లేని ఒళ్ళు, దారిలో ఎన్నిసార్లు ఆగి ఊపిరి పీల్చుకుందో మనకీ తెలుసు, అందుకే ఆ చెక్కలు మండుతుంటే నేను పుస్తకం పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నా. ఇంకోటి, వాల్యూమ్ చివర వేరేవాళ్ళ వైపు నుంచి చిన్న కథలుంటాయి, అవి అస్సలు వదలకండి.

'ముషోకు తెన్సేయ్' దగ్గర మాత్రం నేను మా తమ్ముడి పక్షమే. రిఫుజిన్ నా మగోనోతే 2012లో అదే సైట్‌లో మొదలుపెట్టిన కథ, 2021లో అనిమే వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా గది దాటి బయటికి రాని మనిషి రూడియస్‌గా పుడతాడు. కొత్త జన్మలో కూడా గేటు దాటాలంటే కాళ్ళు వణుకుతాయి. టీచర్ రాక్సీ వాడిని గుర్రం మీద ఎక్కించుకుని తీసుకెళ్తుంది, పిల్లాడు గుర్రానికి భయపడుతున్నాడేమో అనుకుంటుంది పాపం. పుస్తకంలో ఆ భయం గురించి చెప్తారు, చదివితే అర్థమవుతుంది. అనిమేలో పొలాలు, గాలి, ఎదురొచ్చి పలకరించే ఊరివాళ్ళు, వాడి లోపల ఏం జరిగిందో రాక్సీకి తెలియను కూడా తెలీదు, నాకైతే గొంతు పట్టేసింది. పైగా లోపలి గొంతుని వదిలెయ్యలేదు, పిల్లాడికి ఒక గొంతు, లోపలి పాత మనిషికి తోమొకజు సుగితా గొంతు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఓపెనింగ్ పాట కూడా విడిగా రాదు, పాట వస్తుంటే వెనక కథ నడుస్తూనే ఉంటుంది. ఆ లోపలి మనిషి అమ్మాయిల గురించి ఆలోచించే తీరు మాత్రం రెండిట్లోనూ నాకు ఇబ్బందే, దాన్ని సమర్థించను.

స్లైమ్‌గా, అంటే జెల్లీ ముద్దలాంటి జీవిగా, పుట్టే రిమురు కథలో లోపలి గొంతు ఎలా వినిపించాలన్న ఈ చిక్కే లేదు, బుర్రలో అడిగినదానికి బదులిచ్చే 'గ్రేట్ సేజ్' అనే శక్తి గొంతు ఉంది కాబట్టి లోపలి మాటలన్నీ సంభాషణే అయిపోయాయి, అనిమే చూస్తే చాలు నా దృష్టిలో.

మా తమ్ముడికి బుక్‌వర్మ్ మొదటి వాల్యూమ్ కొనిచ్చా. మొత్తం చదవమనలేదు, ఆ చెక్క ముక్కల దాకా చదివి ఫోన్ చెయ్యరా అన్నా.