రెండో ప్రయత్నంలో ఆపరేటర్‌నయ్యాను

నీటిశుద్ధి ఆపరేటర్‌గా నా సర్టిఫికెట్ నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. పదకొండేళ్లు సహాయకుడిగా చేసిన పనికి ఇప్పటికి ఒక పేరు దొరికింది. సంతోషం, కోపం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

మా ప్లాంటులో పెద్ద ఆపరేటర్ పదవీ విరమణ చేశాక ఆ ఉద్యోగం ఏడాదికి పైగా ఖాళీగానే ఉండిపోయింది. "అర్హులు దొరకడం లేదు" అని పైవాళ్లు ప్రతి సమావేశంలోనూ వాపోయేవారు. ఆ ఏడాదంతా రాత్రి షిఫ్టుల్లో ఫిల్టర్లు కడిగింది, క్లోరిన్ మోతాదు సరిచేసింది, వరదకు ముడినీరు ఎర్రబడితే పటిక పెంచింది మేం ముగ్గురు సహాయకులమే. అర్హులను వెతికేవాళ్ల కళ్లు ఒక్కసారి కూడా మా వైపు తిరగలేదు.

దరఖాస్తు సులువే. వైద్య పరీక్ష ఒక్క పూటలో ముగిసింది. రాత పరీక్షకు నెల రోజులు చదివాను. లెక్కలకు భయపడనక్కర్లేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము, అంతే. బ్లీచింగ్ పౌడర్ దగ్గర మాత్రం జాగ్రత్త. లక్ష లీటర్లకు లీటరుకు 2 మి.గ్రా. చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడర్‌లో క్లోరిన్ 25 శాతమే ఉంటే వేయవలసింది 800 గ్రాములు. చాలామంది 200 రాసి లేచిపోతారు.

నన్ను పడగొట్టింది ప్రయోగ పరీక్ష.

నాకు జార్ టెస్ట్ ఇచ్చారు. ముడినీటికి ఎంత పటిక సరిపోతుందో బీకర్లలో వేసి తేల్చే పరీక్ష అది. ఆరు బీకర్లు, ఒక్కోదానిలో లీటరు ముడినీరు. ఒక శాతం పటిక ద్రావణం ఒక మిల్లీలీటరు పోస్తే మోతాదు లీటరుకు 10 మి.గ్రా. అవుతుంది. 10 నుంచి 35 దాకా ఐదేసి పెంచుతూ పోశాను. నిమిషంపాటు వేగంగా, ఇరవై నిమిషాలు నెమ్మదిగా కలిపి, అర్ధగంట తేరనిచ్చాను. నా బీకర్లలో ఫ్లాక్, అంటే పటికతో మడ్డి కలిసి కట్టే ముద్ద, పత్తి పింజల్లా కట్టి అడుగుకు దిగింది. పక్క బల్లల మీద ఎవరికీ అంత చక్కగా రాలేదు, గర్వంగానే చెబుతున్నాను. టర్బిడిటీ, అంటే పైన తేరిన నీటిలో మిగిలిన మడ్డి కొలత, 25 దగ్గర 1.9, 30 దగ్గర 1.8, 35 దగ్గర మళ్లీ 2.6 వచ్చింది.

నేను 25 అని రాశాను.

"1.8 తక్కువా, 1.9 తక్కువా?" అని అడిగాడు పరీక్షకుడు.

"1.8 అండీ. కానీ 25 చాలండీ."

"ఎందుకు చాలు?"

నోరు పెగల్లేదు. పెద్దాయన ఎప్పుడూ ఇలాంటి చోట చిన్న మోతాదే ఎంచుకునేవారు, నేనూ అదే చేస్తూ వచ్చాను. "అలవాటండీ" అన్నాను.

"అంటే అలవాటు మీద జనానికి నీళ్లు తాగిస్తున్నారా?"

గదిలో నా సగం వయసు పిల్లలు నవ్వారు. ఆయన వాళ్ల వైపు చూసి తానూ నవ్వాడు. నా కాగితం మీద అడ్డంగా గీత గీశాడు. తప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం ముందేసుకున్నాను. మా ప్లాంటు సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు, అంటే 10,000 ఘనపు మీటర్లు. లీటరుకు 5 మి.గ్రా. ఎక్కువ వేస్తే రోజుకు 50 కిలోల పటిక అదనం. అదంతా 0.1 తేడా కోసం! దానివల్ల పెరిగే బురదను మళ్లీ ఎత్తిపోయాలి. పైగా ఒక్కో మిల్లీగ్రాము పటిక నీటిలోని క్షారత్వాన్ని, అంటే పీహెచ్ పడిపోకుండా కాచే గుణాన్ని, సుమారు అర మిల్లీగ్రాము తినేస్తుంది. క్షారత్వం తక్కువున్న నీటిలో పటిక మితిమీరితే పీహెచ్ పడిపోయి ఫ్లాకే సరిగా కట్టదు. తేరాక మిగిలిన ఆ కాస్త మడ్డిని పట్టడానికే కదా ఇసుక ఫిల్టర్ ఉన్నది! నా చెయ్యి తప్పు చేయలేదు. ఆ చేతికి తెలిసిన కారణం నోటికి రాలేదు. పెద్దాయన తన విద్యను ఎక్కడా రాసిపెట్టలేదు, రాయమని ఆయనను అడిగినవారూ లేరు.

అలాగని పరీక్షే వద్దనను. 2000 మేలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో కలుషిత నీటివల్ల ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. అక్కడి నీటి వ్యవస్థను నడిపినవారికి పరీక్ష పెట్టకుండా, అనుభవం చూసి సర్టిఫికెట్లు ఇచ్చేశారు. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టరులో అంకెలు వేసేవారని విచారణలో బయటపడింది. అది చదివాక "అలవాటండీ" అన్న నా జవాబు నాకే భయం పుట్టించింది. ఎందుకని అడిగినందుకు ఆ పరీక్షకుడి మీద నాకు కోపం లేదు. పదిమందిలో నవ్వినందుకు ఉంది, పోదు కూడా.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. వేరే పరీక్షకురాలు, అదే ప్రశ్న. యాభై కిలోల లెక్క నుంచి ఇసుక ఫిల్టర్ దాకా ఆగకుండా చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నారు.

పరీక్షకు వెళ్లేవారు శిక్షణ కేంద్రాలు అమ్మే ప్రశ్నల పుస్తకం కొనవద్దు. అందులోంచి నాకు ఒక్క ప్రశ్నా రాలేదు. మీరు చేసిన పని షిఫ్టు రిజిస్టరులో మీ చేతిరాతతో, మీ సంతకంతో ఉండేలా చూసుకోండి. నా సంతకాలు లేని నాలుగేళ్లను అనుభవం కింద లెక్కించనే లేదు.

ఫలితం తెలిసిన రోజు నుంచి మిగిలిన ఇద్దరు సహాయకులతో జార్ టెస్ట్ చేయిస్తున్నాను. ఒకరు బీకర్ ఎంచుకుంటారు, రెండోవారు ఎందుకని అడుగుతారు. మొన్న ఇద్దరూ 20 దగ్గరా, 25 దగ్గరా పట్టుబట్టి, షిఫ్టు అయిపోయినా ఇంటికి వెళ్లలేదు.