మా పెరటి సంపెంగ కోసం 6 ఏళ్ళు

నిన్న పొద్దున్న మా పెరట్లో సంపెంగ పూసింది. ఒక్కటే పువ్వు. మా అమ్మ దాన్ని దోసిట్లోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మది సింహాచలం కొండ కింద అడవివరం. ఆ కొండ సంపెంగల వాసన మధ్య పెరిగిన మనిషి. కాళ్ళనొప్పులతో గడప దాటడం మానేశాక, "పెరట్లో ఒక చెట్టుంటే బాగుణ్ణు" అంది. ఆ మాట అని 6 ఏళ్ళు దాటింది.

ఏ రకం వేయాలన్నది తొందరగానే తేలిపోయింది. మా అబ్బాయి ఫోన్లో గులాబీ రంగు మాగ్నోలియా ఫొటోలు చూసి అదే కావాలన్నాడు. ఆకురాల్చే ఆ రకాలు చలిదేశాలవి, విశాఖ ఉక్కలో బతకవు. మన సంపెంగ కూడా మాగ్నోలియానే. పూర్వం మైకేలియా చంపకా అనేవారు, ఇప్పుడు మాగ్నోలియా చంపకా అని రాస్తున్నారు. నీళ్ళు నిలవని చోట 2 అడుగుల గొయ్యి తీసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాం. ఒక్క ఆదివారంలో అయిపోయింది.

మొక్క దగ్గరే మోసపోయాను. మా రోడ్డు చివర నర్సరీలో "అంటు మొక్కమ్మా, రెండేళ్ళలో పూస్తుంది" అని 450 రూపాయలు తీసుకున్నారు. అంటు అంటే, పూసే చెట్టు కొమ్మను ఇంకో మొక్క కాండానికి అతికించి కట్టినది. రెండేళ్ళయింది, మూడేళ్ళయింది. చెట్టు డాబా ఎత్తు దాటింది గానీ మొగ్గ జాడ లేదు. వేపపిండి వేశాను, ఎముకల పొడి వేశాను, ఎవరేం చెబితే అది చేశాను. నాలుగో ఏడు వెళ్ళి అడిగాను. కొనడానికి వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. అందరి ముందూ ఆ ఓనరు, "మొక్క మంచిదే మేడమ్, పెంచే చెయ్యి మంచిదవ్వాలి" అన్నాడు. నవ్వారు. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పలేదు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ మాట నేను నమ్మాను. నెలల తరబడి ఆ చెట్టు వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ ఏడే రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళి, కడియం నర్సరీల్లోకి తొంగిచూశాం. అక్కడ అంటు మొక్కలు కడుతున్న ఒక పెద్దాయన నా గోడు విని, "కాండం మీద అతుకు చూశారా అమ్మా?" అని అడిగారు. ఆ అతుకు ఎలా ఉంటుందో నాకు తెలీదు. చూపించారు. మట్టికి జానెడు పైన రెండు కాండాలు కలిసిన చోట ఉబ్బుంటుంది, టేపు చుట్టిన గుర్తుంటుంది, కిందా పైనా బెరడు రంగు కాస్త తేడాగా ఉంటుంది. అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేసి మా చెట్టు మొదలు ఫొటో తీయించాను. నున్నగా ఉంది. "ఇది గింజ మొక్కమ్మా. పూతకు 8, 10 ఏళ్ళు పట్టొచ్చు. మీ చేతిలో దోషం లేదు" అన్నారు. అక్కడే కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన ఎంచి ఇచ్చిన అంటు మొక్కే నిన్న పూసింది. సంపెంగ వేళ్ళు సున్నితం, కవరు కోసేటప్పుడు మట్టిగడ్డ చిట్లకూడదు. అతుకు మట్టిలో పూడకూడదు. అతుకు కింద నుంచి చిగురొస్తే వెంటనే గిల్లేయాలి, లేకపోతే దానిదే పైచేయి అవుతుంది. నేను రోజూ వంగి చూశాను, ఒక్క చిగురు కూడా పెరగనివ్వలేదు.

అంటు అని చెప్పి గింజ మొక్క అమ్మడం పొరపాటు కాదు, మోసం. బిల్లు మీద 'అంటు' అని రాయించుకోండి. రాయనంటే వెనక్కి వచ్చేయండి.

పాత చెట్టు కొట్టేయమని ఇంట్లో అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంకో రెండు మూడేళ్ళలో అదీ పూస్తుంది. అమ్మకి ఇప్పుడు 81.