వెతికితే దొరికే తెలుగు

బుధవారం. ఉదయం గ్రంథాలయం తలుపులు తీసేసరికే మాస్టారు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పత్రికలు ఇంకా బల్ల మీద పరచనేలేదు, ఆయన ఫోను నా చేతికిచ్చి "ఇది నిజమేనా, కాస్త చూడమ్మా" అన్నారు. అందులో ఒక వార్తాపత్రిక కత్తిరింపు బొమ్మ ఉంది. విశ్రాంత ఉద్యోగులు కొత్త ధ్రువపత్రం ఒకటి వెంటనే ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుందని దాని సారాంశం. పత్రిక పేరు, తేదీ, శీర్షిక పెట్టిన తీరు, అక్షరాల వాటం అన్నీ అచ్చం ఆ పత్రికవే. అదృష్టవశాత్తు ఆ తేదీ సంచిక మా కట్టల్లో ఉంది. ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి జిల్లా పేజీల చివరిదాకా చూశాం. ఆ వార్త ఎక్కడా లేదు. మాస్టారు గారు నెమ్మదించారు గానీ, ఆ బొమ్మను ఆయనకు పంపిన వాళ్లు, వాళ్లకు పంపిన వాళ్లు ఇంకా ఎంతమంది ఇదే భయంతో ఉన్నారోనని నాకు చాలాసేపు బాధగానే ఉంది.

1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన నాటి సంగతి మాస్టారు గారు తరచుగా చెబుతుంటారు. అంతకుముందు మా ఊరి పేరు పత్రికలో కనబడాలంటే వరదన్నా రావాలి, మంత్రిగారన్నా రావాలి. ఆ తర్వాత మండలానికొక విలేకరి తయారై, చెరువు గట్టు తెగినా, బడికి మాస్టారు రాకపోయినా మర్నాటికి అచ్చులో కనిపించడం మొదలైంది. ఇప్పుడు ఆ మర్నాటి దాకా ఆగే అవసరం కూడా లేదు, గట్టు తెగిన చోట నిలబడ్డ కుర్రవాడే వార్త పంపుతున్నాడు. ఇది మంచి మార్పేనని నేను గట్టిగా నమ్ముతాను. ఊళ్లో జరిగిన అన్యాయం బయటికి రావడానికి ఎవరి దయా అక్కర్లేని రోజు రావడం చిన్న విషయం కాదు. అయితే పత్రికలో తప్పు వస్తే అడగడానికి ఒక చిరునామా, ఒక సంపాదకుడు ఉండేవారు; మాస్టారు గారి ఫోనులోకి వచ్చిన బొమ్మకు ఆ రెండూ లేవు.

పొద్దున ఆ వార్త కోసం సంచిక అంతా తిరగేయాల్సి వచ్చింది కదా, ఆ వెతుకులాట ఎందుకంత కష్టమైందన్నదే ఈ రోజంతా నన్ను పట్టుకున్న ఆలోచన. చాలా పత్రికలు తమ సంచికను పేజీకి పేజీగా బొమ్మ రూపంలోనే నెట్‌లో పెడతాయి. ఆ పేజీల్లో తెలుగు మాట ఒకటి కొట్టి వెతకబోతే తరచుగా ఏమీ దొరకదు. అంతకుముందు పరిస్థితి ఇంకా ఘోరం. తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చిన తొలి రోజుల్లో దేనికది సొంత ఫాంటు వాడుకునేది. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా అర్థం లేని రోమన్ గుర్తులు కనబడేవి. తెలుగు లిపికి, అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, ఇళ్లలోని కంప్యూటర్లు దాన్ని చక్కగా చూపించడానికి మరో పదేళ్లు పట్టింది, పత్రికలు దానికి మారడానికి ఇంకొన్నేళ్లు. ఆ మధ్యకాలంలో వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే చిన్న సాధనం తయారుచేసి, ఫైర్‌ఫాక్స్‌లో ఆ సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చదువుకునే వీలు కల్పించారు. అంటే, వార్త అందరి కళ్ల ముందూ ఉండి కూడా వెతికేవాళ్లకు అందకుండా పోయిన కాలం ఒకటి మనకు నిజంగా ఉంది. ఆ సంవత్సరాల తెలుగు వార్తలు ఈ రోజు వెతికితే ఎంత కొద్దిగా దొరుకుతాయో రోజూ పాఠకుల కోసం వెతికే నాకు బాగా తెలుసు.

పది దాటాక డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి వచ్చింది. పాఠాలన్నీ ఫోనులోనే వింటుంది, మా దగ్గరికి వచ్చేది నిశ్శబ్దం కోసం, ఫ్యాను కోసం. 2016లో డేటా ధరలు పడిపోయిన తర్వాత కోచింగ్ కోసం అవనిగడ్డకో హైదరాబాదుకో వెళ్లలేని ఇలాంటి పిల్లలకు ఎంత మేలు జరిగిందో కళ్లారా చూస్తున్నాను. ఈ రోజు ఆమెకు వచ్చిన చిక్కు ఏమిటంటే, తెలుగు పుస్తకాలు ప్రచురించిన పాత సంస్థ విజ్ఞాన చంద్రికా మండలి హైదరాబాదులో పుట్టిందని ఒక వీడియోలో, మద్రాసు సంస్థ అని మరొక వీడియోలో విన్నది. "ఏది రాయాలి మేడమ్?" అని అడిగింది.

జవాబు నాకు తెలుసు. అయినా నేను చెప్పేయకుండా, ఎలా తేల్చుకోవాలో ఆమెకే చూపించాలనిపించింది. ఇద్దరం తెలుగు వికీపీడియా తెరిచి, వ్యాసం అడుగున ఇచ్చిన మూలాలు చూశాం. వాటి వెంటే వెళితే ఒక పాత పుస్తకం స్కాను దొరికింది. కొమర్రాజు లక్ష్మణరావు గారూ మిత్రులూ కలిసి 1906లో హైదరాబాదులో మండలిని స్థాపించారు, తర్వాత అది మద్రాసుకు మారింది. రెండు వీడియోలూ పూర్తిగా తప్పు చెప్పలేదు గానీ రెండూ సగమే చెప్పాయి. సగం చెప్పిన మనిషిని ఎదురు ప్రశ్న వేయడానికి వీడియోలో వీలు లేదు, అదే పుస్తకమైతే అడుగున ఉన్న మూలం మనల్ని మరొక పుస్తకం దగ్గరికి పంపుతుంది. ఆ అమ్మాయి తన నోటు పుస్తకంలో జవాబుతోపాటు ఆ పాత పుస్తకం పేరు, పేజీ సంఖ్య కూడా రాసుకుంది. ఈ రోజు నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

కొమర్రాజు వారి పేరు వచ్చాక ఆయన విజ్ఞాన సర్వస్వం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? తెలుగులో సకల విషయాలూ అకారాది క్రమంలో ఉండాలని ఆయన తలపెట్టిన ఆ మహాయత్నం, 1923లో ఆయన కన్నుమూసేసరికి వర్ణమాలలో తొలి అక్షరాల దగ్గరే ఉండిపోయింది. ఒక మనిషి ఆయుష్షు చాలని పని అది. 2003 డిసెంబరు 10న, 'పద్మ' చేసిన ఆ నాగార్జున గారే అమెరికాలో ఉంటూ తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. జీతం లేని చేతులు ఇరవై ఏళ్లకు పైగా రాస్తూ వచ్చి దాన్ని లక్ష వ్యాసాలు దాటించాయి. వాటిలో ఊళ్ల గురించినవే వేలల్లో ఉన్నాయి. మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలు కూడా చూశాను. 2011 జనాభా లెక్కలు, విస్తీర్ణం, సాగునీటి వివరాలు, దగ్గరి పట్టణం ఎంత దూరమో, అన్నీ ఉన్నాయి. కాలువలో తిరిగిన పడవల మాట మాత్రం లేదు.

పడవల సంగతి నాకు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ రాసి పెట్టుకుంటాను. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు మా గుంటూరు జిల్లాలోనే, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. బస్సులు లేని ఆ రోజుల్లో జనం ఊరి నుంచి ఊరికి గంటల తరబడి పడవలో ప్రయాణం చేసేవారు, ఆ గంటలను ఆయన చదువుకు మళ్లించారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే, జనం ఎలాగూ కూర్చునే చోటికే పుస్తకాన్ని తీసుకువెళ్లాలన్న ఆలోచన ఆయనది. ఈ రోజు జనం గంటల తరబడి కూర్చునే చోటు ఫోను తెర. గ్రంథాలయాధికారిగా నా పని అక్కడిదాకా వెళ్లడమేనని నాకు ఎప్పుడో అర్థమైంది.

అందుకే మధ్యాహ్నం విరామంలో, పాత పుస్తకాలను అక్షరాల్లోకి మార్చి ఉచితంగా అందించే వికీసోర్స్ పని చేస్తాను. ఎడమ పక్క స్కాను చేసిన పాత పేజీ, కుడి పక్క యంత్రం చదివి ఇచ్చిన పాఠం ఉంచుకుని రెంటినీ పోల్చి దిద్దాలి. యంత్రం ఇప్పుడు తెలుగును బాగానే చదువుతోంది. అయినా పాత అచ్చులోని అరసున్నలను ఒక్కోసారి మింగేస్తుంది, రకారానికి బదులు అక్షరం పక్కన పెట్టే వలపలగిలకను తెలుగు తొమ్మిది అంకె అనుకుంటుంది, మకారానికీ 'వు'కూ తేడా మరిచిపోతుంది. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి మారుతుంది, వేరొకరు మళ్లీ సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. నేను పసుపు చేసిన పేజీలను ఎవరో ముఖం తెలియని మనిషి ఆకుపచ్చ చేసి వెళుతుంటారు. ఈ రోజు ఒక పాత గ్రంథాలయ పత్రికలోని పేజీలు దిద్దాను. రచయిత మరణించి అరవై ఏళ్లు దాటితే తప్ప, హక్కుదారుల అనుమతి లేకుండా మన చట్టం ప్రకారం ఆ రచనను ఇలా అందరి ముందూ పెట్టకూడదు. అందువల్ల నూరేళ్ల నాటి తెలుగు నెట్‌లో దొరుకుతుంది గానీ, మా నాన్నగారి తరం చదువుకున్న పుస్తకాల్లో చాలా భాగం దొరకదు.

స్కానుల కొరత మనకు లేదు. కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకం వల్లా, దానితో ముడిపడ్డ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్లా తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో కంప్యూటర్లలోకి ఎక్కాయి, ఆ తర్వాత పాత పుస్తకాలనూ వెబ్ పేజీలనూ ఉచితంగా భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కూ చేరాయి. అయితే చాలా వాటి పేర్లు రోమన్ లిపిలో తప్పులతడకగా నమోదయ్యాయి, కొన్నిటికి పేజీలు తప్పిపోయాయి. బొమ్మలోని అక్షరాలు వెతకడానికి వీలైన అక్షరాలుగా మారనంత కాలం అవి తాళం వేసిన బీరువాలో ఉన్న పుస్తకాలే.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గారు ఫోనులో వంట వీడియో చూస్తున్నారు. తెనాలి దగ్గరి గుడివాడలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండిన మస్తానమ్మ గారి పాత వీడియో అది. నూరేళ్లు దాటినట్టు చెప్పుకున్న ఆ పెద్దావిడ 2018లో పోయారు. ఆవిడ బతుకు, మాట, చేతి వాటం ప్రపంచం నలుమూలలా చూశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి పల్లె వీడియోలతో పేరు తెచ్చుకున్న గంగవ్వ గారిదీ అదే దారి. సినిమాల్లో తెలంగాణ మాటను హాస్యానికీ ప్రతినాయకులకూ వాడుకున్న రోజులు చాలా ఏళ్లు నడిచాయి. ఆ మాటను ఆ ఊరి మనుషులే, తమ పొలంలో నిలబడి, తమకు తోచినట్టు మాట్లాడి లక్షల మందికి వినిపించగలగడం సంస్కృతిలో వచ్చిన నిజమైన మార్పు. దాన్ని నేను మనసారా గౌరవిస్తాను.

అయినా అత్తయ్య గారు "మొన్న చూశానే, ఆ పులుసులో ఏదో ఆకు వేసిందే, ఆ వీడియో తీసి పెట్టవే" అంటే నేను తీసి పెట్టలేకపోయాను. శీర్షికలో ఉన్న మాట అయితే దొరుకుతుంది, నోటి వెంట వచ్చిన మాటను ఎలా పట్టుకోవాలో నాకు తెలియలేదు. తెలుగు బ్లాగులు వెల్లివిరిసిన రోజుల్లో, 2006 ప్రాంతంలో వీవెన్ గారు తెలుగులో టైపు చేసుకునే 'లేఖిని', తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే 'కూడలి' తయారుచేసి ఇచ్చిన తర్వాత, ఎందరో ఇంజనీర్లు, గృహిణులు, ఉపాధ్యాయులు తమ ఊరి సంగతులను, వంటలను, పాటలను అక్షరాల్లో రాశారు. ఆ రాతలు ఇప్పటికీ వెతికితే దొరుకుతున్నాయి, సొంత డొమైనుకు డబ్బు కట్టడం మానేసినవాళ్లవి మాత్రం పోయాయి. అక్షరం నుంచి గొంతుకు జనం మళ్లిన ఈ పదేళ్లలో మనం పొందింది చాలా ఉంది. కానీ చెప్పిన సంగతికి రాత ఒకటి తోడు లేకపోతే పాతికేళ్ల తర్వాత వెతికేవాళ్లకు మనం మౌనంగానే మిగిలిపోతామేమోనన్నది నా భయం.

సాయంత్రం పూట గ్రంథాలయానికి తిరిగి వెళ్లి మాస్టారు గారితో ఇదే చెప్పాను. వాళ్ల నాన్నగారు పడవ గ్రంథాలయంలో పుస్తకాలు చదివిన మనిషి. తన చిన్నతనంలో లాకుల దగ్గర పడవలు ఎలా ఆగేవో, పడవ నడిపే సరంగు ఎలా కేక వేసేవాడో మాస్టారు గారు కళ్లకు కట్టినట్టు చెబుతారు. దాన్ని వికీపీడియాలో రాయడానికి వీల్లేదు, అచ్చయిన ఆధారం అడుగుతారు. ఆ నియమం సరైనదే. కానీ ఆధారం కావాలంటే ముందు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా! ఆయనకు టైపు రాదు గనుక ఫోనులో మైకు గుర్తు నొక్కి, మాట్లాడితే అక్షరాలు ఎలా పడతాయో చూపించాను. 'సరంగు' అంటే 'సారంగం' అని పడింది. ఆయన పట్టు వదలకుండా మళ్లీ చెప్పారు, ఈసారి సరిగ్గా పడింది.

వారానికి ఒక సంగతి చొప్పున ఆయన చెప్పేట్టు, నేను దిద్ది, ఒక బ్లాగు తెరిచి ఆయన పేరుతోనే పెట్టేట్టు అనుకున్నాం. పెట్టిన ప్రతిసారీ ఒక ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచాలి, ఒకటి కాగితం మీద తీసి మా గ్రంథాలయంలో కట్టించాలి. తాను చూసింది ఏదో, నాన్నగారి నోట విన్నది ఏదో విడివిడిగా చెప్పమని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, పడవ గ్రంథాలయం ఎన్నాళ్లు నడిచిందో తాను విన్నదే తప్ప చూసింది కాదని, అది మొదటి వాక్యంలోనే రాయమని అన్నారు. అలాగే రాశాను.