ఎల్బీనగర్ మెట్రోలో ఐదు మీటర్ల రిబ్బన్

మా అన్న కూతురి జిమ్నాస్టిక్స్ జట్టు సెలక్షన్‌కని సూర్యాపేట నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ కార్డు చూపించి పైసా లేకుండా వచ్చాం. ఎల్బీనగర్‌లో దిగగానే నాంపల్లికి ఆటో నాలుగు వందలన్నాడు. పిల్ల చేతిలోని హూప్, అదే ఆటలో తిప్పే పెద్ద రింగు, చూసి పెంచిన రేటు అది. ఒళ్లు మండి మెట్రో ఎక్కించాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్ల మూటతో ఒకావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. "ఏంది బిడ్డా, సర్కస్‌లో చేస్తవా?" అంది. నాకు చివుక్కుమంది. ఇంట్లో పెద్దవాళ్లదీ ఇదే మాట. పిల్ల మాత్రం ఓపిగ్గా, "కాదాంటీ, రిథమిక్ జిమ్నాస్టిక్స్, ఒలింపిక్స్‌లో కూడా ఉంది" అంది.

"మన అరుణారెడ్డి ఆడేదా?"

ఆ పేరు వినగానే నా కోపం పోయింది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయిని ఆవిడ గుర్తుపెట్టుకుంది! అరుణది వాల్ట్ బల్ల లాంటి పరికరాల మీద చేసే ఆర్టిస్టిక్, తనది హూప్, బంతి, క్లబ్స్ అనే సీసా ఆకారపు కర్రలు, రిబ్బన్‌లతో సంగీతానికి చేసేదని పిల్ల విడమరిచి చెప్పింది. ఇక ఆగలేదు. యూరప్ వాళ్ల ఛాంపియన్‌షిప్ 1978లోనే మాడ్రిడ్‌లో మొదలైతే, మన ఆసియా వాళ్లది 1996లో చైనాలోని చాంగ్షాలో మొదలైందట. కొరియా అమ్మాయి సన్ యోన్‌జే 2013లో తాష్కెంట్‌లో ఆసియా టైటిల్ గెలిచిందట. 2024 పారిస్‌లో చైనా గ్రూప్ స్వర్ణం గెలిచే వరకు ఈ ఆటలో ఆసియాకు ఒలింపిక్ బంగారమే లేదని నేను అందుకున్నాను. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి అక్కడిదాకా వెళ్లారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆవిడ కళ్లు మాత్రం రిబ్బన్ మీదే ఉన్నాయి. కొస పట్టుకుని వేళ్లతో నలిపి, "శాటినే. ఎంత పొడుగు?" అంది.

"సీనియర్లకు ఆరు మీటర్లు, మాకు ఐదు."

"చీరంత! గింత పొడుగుది మడతపెట్టి తెచ్చినవా? గీత పడ్డకాడే మెలిక పడతది బిడ్డా. తానులకు అట్ట గొట్టం ఉంటది చూడు, దానికి చుట్టాలె. ఇస్త్రీ తిరగేసి చెయ్యి, నీళ్లు చల్లకు."

మలక్‌పేట దాటేలోపు తన మూటలోని అట్ట గొట్టానికే రిబ్బన్‌ను చుట్టి ఇచ్చింది. మూసారంబాగ్‌లో దిగాల్సిందట, మా కోసం స్టేషన్ వదిలేసుకుంది. ఎంజీబీఎస్‌లో దిగి వెనక్కి వెళ్లే రైలు కోసం పరుగెత్తింది. పేరైనా అడగలేదు.

సెలక్షన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హూప్ దొర్లి పదమూడు మీటర్ల మ్యాట్ దాటిపోయి మార్కులు తెగాయి. జట్టులో పేరు రాలేదు. రిబ్బన్ మాత్రం ఒక్క ముడి పడకుండా, పాము పాకినట్టూ సుడి తిప్పినట్టూ చివరిదాకా ఆడింది. అది చూస్తుంటే నా గుండె నిండిపోయింది.

సాయంత్రం కోఠీలో బట్టల షాపుకు వెళ్లి అట్ట గొట్టం అడిగాం. ఊరికే పారేసేదానికి ముప్పై రూపాయలన్నాడు. బేరమాడకుండా రెండు తీసుకున్నాను.